ఉప్పు లేని పూట

మా ఆయన మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది ఉప్పు దగ్గర.

పుంగనూరులో కాపురానికి వచ్చి అప్పటికి నెల కూడా తిరగలేదు. నాకు అన్నీ సంబరంగానే ఉండేవి. పెరట్లో ఉన్న పుంగనూరు ఆవుదూడ నా మోకాలంత కూడా లేదు. పొద్దున్నే దాని నుదుటికి నా నుదురు ఆనించి పలకరించనిదే కాఫీ తాగేదాన్ని కాదు. బి.ఎ. చదివిన కోడలు దూడతో మాట్లాడుతోందని వీధిలో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. ఆయన ఇంటికి వచ్చేటప్పుడు సైకిల్ బెల్లు వీధి మలుపులో ఒకసారి, గుమ్మం ముందు ఒకసారి కొట్టేవారు. మొదటిది ఊరికి, రెండోది నాకు.

ఆ రోజు నేనే సంగటి కెలికి, చెనిక్కాయల చట్నీ నూరి, మురిసిపోతూ వడ్డించాను. ఆయన పళ్ళెం వెనక్కి జరిపారు.

"ఉప్పు లేకుండా పెట్టు."

"ఎక్కువయిందా?"

"కాదు. ఉప్పే వద్దు."

ఇంకో సంగటి ముద్దను ఉప్పు వెయ్యని మజ్జిగలో కలుపుకుని తినేసి లేచిపోయారు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నా వంట నచ్చలేదనుకున్నాను. ఇంకెక్కడో ఇంకెవరో వండి పెడుతున్నారని కూడా అనుకున్నాను. మా అత్త నారాయణమ్మ నన్ను చూసి పకపకా నవ్వింది.

"యాల ఏడుస్తాండావే పిచ్చిపిల్లా? ఈ పొద్దు వాడు పందుల యాటకు పోతాండాడు. యాటకు పోయేనాడు ఈ ఇంట్లో మగోళ్ళు ఉప్పు ముట్టరు. తింటే గురి తప్పుతాదంట. వాళ్ళ తాత కాడ్నించీ ఇదే."

"మిలిటరీలో ఉన్నప్పుడు కూడా ఇంతేనా అత్తా?"

"ఆడ గూడా అంతేనంట. యాడో ఇసకలో పండుకోని, కంటికి గొట్టం పెట్టుకోని, దూరంగా ఉండేవాణ్ణి కాల్చే పని గదా వానిది. ఆ పని ఉన్న దినం ఉప్పు వద్దనేవాడంట. అందురూ నవ్వేవాళ్ళంట."

మా చెనిక్కాయ చేను మీద పడే పంది ఒకటి ఆ సాయంత్రం కూలింది. పంట కాపలాకని మా ఇంటికి లైసెన్సు తుపాకి ఉంది. ఆయన తుపాకి తుడిచి, కాళ్ళు కడుక్కుని, ఊరగాయ జాడీ ముందు కూర్చుని రెండు పళ్ళేల అన్నం తిన్నారు. మధ్యలో నా వైపు చూసి కన్నుగీటారు. అంతే, నా అనుమానం కొట్టుకుపోయింది.

రెండోసారి వచ్చింది మాత్రం పోలేదు.

మదనపల్లెలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయనే నన్ను ఫాతిమున్నీసా గాజుల అంగడికి తీసుకెళ్ళారు. ఆమె కొడుకు అలావుద్దీన్, మా ఆయన ఒకే పటాలంలో జోడుగా ఉండేవారట. ఆ కుర్రాడు డెబ్భై ఒకటి యుద్ధంలో పోయాడని మాత్రం నాకు తెలుసు. ఆమె నా అరచేతిని నొక్కి నొక్కి, నేను అయ్యో అనేలోపల ఎర్రగాజులు మణికట్టుకు ఎక్కించేసింది. ఎంత బాగున్నాయో! చెయ్యి ఊపి మోగించుకుంటూ కూర్చున్నాను.

"నా అలావుద్దీన్ ఉండింటే ఇట్లాంటి కోడలు నాకూ ఉండేది" అని, ఆమె నా భుజం మీదుగా ఆయన వైపు చూసింది. "ఆంజనేయులూ, కుప్పం సుబేదారు పింఛనీ తీసుకోని ఊరికి వచ్చేసినాడంటనే?"

"వచ్చినాడంటమ్మా."

"నా బిడ్డను ఇసకలో ఇడిసిపెట్టి వచ్చినోడు. సచ్చిపోయినాడని చెప్పినోడు." ఆమె గొంతు పెంచలేదు. "సెయ్యి కదిలిందంటివి గదప్పా నువ్వు."

నా గాజుల మోత ఆగిపోయింది.

బస్టాండుకు నడుస్తుంటే నేనే అడిగాను. సుబేదారు రంగప్ప ఆయనకు కమాండరు. ఆ రోజు ముందుకు పోయిన అలావుద్దీన్ దెబ్బ తిని పడిపోయాడు. తుపాకి మీది గొట్టంలోంచి చూస్తున్న మా ఆయనకు అతని చెయ్యి కదలడం కనిపించింది. తీసుకొస్తానని లేచారు. రంగప్ప ఆయన కాలు పట్టి ఈడ్చి, వాడు చచ్చిపోయాడు, వెనక్కి రా అన్నాడు. అది ఆర్డరు.

"ఎనిమిదేండ్లుగా ఆ సెయ్యి నాకు కనపడతానే ఉండాది" అన్నారు.

"ఇప్పుడేం చేస్తారు?"

"మల్లెపూలు కొందామా?" అన్నారు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. పూలు మాత్రం కొనిపించుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు కుప్పం నుంచి ఎవరితోనో కబురు వచ్చింది. ఆంజనేయులు పెళ్ళి చేసుకున్నాడట కదా, కొత్త దంపతులు మా ఇంటికి విందుకు రావాలి అని రంగప్ప పిలుపు. మా ఆయనకు విందులంటే ఒళ్ళు మంట. మా మేనమామ ఇంటికి కలికిరికి రమ్మంటే తలనొప్పి అని పడుకున్న మనిషి. అలాంటిది, "పోదాం" అన్నారు వెంటనే.



వెళ్ళే ముందురోజు ఆయన తుపాకిని విప్పి, నూనె రాసి, పటాలం నాటి పరుపుచుట్టలో పెట్టి చుట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

"విందుకు తుపాకి ఎందుకండీ?"

"సుబేదారు తోటలో పందులు పడతాండాయంట. తెమ్మన్నాడు."

"కబురు తెచ్చినాయన ఆ మాట అనలేదే?"

"నీకు చెప్పలేదు. నాకు చెప్పినాడు."

మరునాడు పొద్దున ఆయన ఉప్పు లేని సంగటి తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ముద్దా గొంతు దిగడం చూశాను. అత్తతో చెబుదామా అనుకున్నాను. నిజంగా పందులే అయితే? కాపురానికి వచ్చీ రాగానే మొగుణ్ణి హంతకుడన్న కోడలిగా మిగిలిపోతాను. పందులు కాకపోతే? ఆ ఆలోచన దగ్గర నా బుర్ర ఆగిపోయేది. దూడ నుదుటికి నుదురు ఆనించి, "నేను కూడా పోతున్నాలే, చూసుకుంటా" అని చెప్పి బయలుదేరాను.

బస్సులో కండక్టరు మా పరుపుచుట్ట చూసి నిలబడిపోయాడు. "ఏమన్నా, కొత్త పెండ్లాంతో పోతాండావు సరే, పరుపు గూడా ఎత్తుకోని పోతాండావే! ఆ ఊర్లో మంచాలు లేవా?" బస్సంతా గొల్లుమంది. సిగ్గుతో చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ కొంగు చాటునే సీటు కింద పాదంతో తడిమితే, పరుపులో చల్లగా, గట్టిగా తగిలింది.

పలమనేరు దాటాక కిటికీలోంచి గాలి చల్లగా వచ్చింది. ఆయన భుజం నా భుజానికి ఆనుతూ ఉంది. ఇంకే రోజైనా ఆ ప్రయాణం ఎప్పటికీ అయిపోకూడదని కోరుకునేదాన్ని. ఆ రోజు కూడా అదే కోరుకున్నాను.

"కుప్పంలో ఎంతసేపుంటాం?" అన్నాను వెంకటగిరికోటలో బస్సు ఆగినప్పుడు.

"నువ్వు తొందరగా తిను. సాయంత్రం బస్సుకు నిన్ను ఎక్కిస్తా."

"నన్నా? మనిద్దర్నా?"

ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

రంగప్ప ఇల్లు ఊరి చివర, మామిడితోటలో ఉంది. పొడుగు మనిషి, తెల్ల మీసం. మమ్మల్ని చూడగానే గేటు దాకా వచ్చాడు. మా ఆయన చెయ్యెత్తి సెల్యూట్ కొట్టారు కాని, చూపు ఆ ముఖం మీద లేదు, గుండె మీద ఉంది. రంగప్ప భార్య చౌడమ్మ నా బుగ్గలు పుణికి, "బంగారు బొమ్మ మాదిరి ఉండాది!" అంది. పరుపుచుట్ట అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. తనే తీసుకెళ్ళి పక్కగదిలో పెట్టారు. ఆ గదికి ఒక్కటే కిటికీ. అది వాకిలి వైపు ఉంది.

కొత్త దంపతులని చౌడమ్మ మా ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద ఆకు వేసింది. అలవాటు ప్రకారం ముందుగా ఆకు మూల ఉప్పు పెట్టబోయింది. ఆయన ఆ చోటును అరచేత్తో మూసేశారు.

"ఉప్పు వద్దక్కా."

పీట మీద కూర్చున్న రంగప్ప తలెత్తాడు. చాలాసేపు మా ఆయన చేతినే చూశాడు.

"ఏం ఆంజనేయులూ," అన్నాడు మెల్లగా, "ఈ పొద్దు యాట ఉండాదా?"

"ఉండాది సార్."

నేను నవ్వడానికి ప్రయత్నించి, "మీ తోటలో పందులు బాగా పడుతున్నాయంట కదా అక్కా?" అని అడిగాను.

"పందులా?" చౌడమ్మ విరగబడి నవ్వింది. "తోట సుట్టూ రాతిగోడ కట్టించినాడమ్మా మీ సుబేదారు. పంది గాదు గదా, పిల్లి గూడా దూరదు. ఎవురు చెప్పినారు నీకు?"

ఆమె అన్నం, నాటుకోడి పులుసు వడ్డించి, నెయ్యి తెస్తానని లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆకు అవతలి మూల, నా వైపు, ఇంత ఉప్పు వేసి, "మొదటి ముద్ద నువ్వు వానికి పెట్టల్ల. మా ఇంట్లో కొత్తోళ్ళకు అదీ పద్ధతి" అంది.

రంగప్ప లేచాడు. "మొగుడూ పెండ్లాలు తింటాంటే నాకేమి పని? నేను ఆ కుర్చీలో కూసోనుంటా" అన్నాడు.

ఆ కుర్చీ వాకిట్లో, ఎర్రటి ఎండలో, పక్కగది కిటికీకి తిన్నగా ఉంది. వెళ్ళి కూర్చున్నాడు, మాకు వీపు పెట్టి. ఇంకో వైపు నీడ ఉంది. అటు జరగలేదు. కావాలనే కూర్చున్నాడా, లేక మమ్మల్ని ఏ ఉచ్చులోకో లాగుతున్నాడా? నాకు ఆయన మీద ఎంత అనుమానమో ఆ వీపు మీద కూడా అంతే.

మా ఆయన పక్కగది వైపు చూశారు. మోకాలు మీద చెయ్యి ఆనించి లేవబోయారు.

నేను అన్నంలో నాటుకోడి పులుసు కలిపి, మూలనున్న ఉప్పంతా అందులో కలిపేసి, ముద్ద చేసి ఆయన నోటి ముందు పెట్టాను. నేను దాచలేదు. ఆయన చూస్తుండగానే కలిపాను.

"రత్నా, చెయ్యి తియ్యి."

"తియ్యను."

"నీకు తెలీదు."

"తెలుసు. మీరు లేచారంటే రేపు ఈ చేతికి ఫాతిమున్నీసమ్మ వేసిన గాజులుండవు. మిమ్మల్ని తీసుకెళ్ళి ఉరితీస్తారు. ఆమే వచ్చి పగలగొడుతుందా వీటిని?"

నా చెయ్యి వణకడం మొదలైంది. గాజులు గలగలమంటున్నాయి, ముద్దలోంచి పులుసు మణికట్టు మీదికి కారుతోంది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"చూడండి," అన్నాను. "ఈ చెయ్యి కూడా కదులుతోంది."

ఆయన చూశారు. ఇసకలోని ఆ చేతిని చూసినట్టే చూశారేమో, నాకు తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నా మణికట్టు పట్టుకుని, వణుకు ఆగేదాకా పట్టుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అందులో అంత ఉప్పు! ముఖం ముడుచుకుపోయింది. అయినా మింగారు.

నెయ్యిగిన్నెతో వచ్చిన చౌడమ్మ మమ్మల్ని చూసి, "ఏం పిల్లోళ్ళమ్మా, కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని తినిపించుకుంటాండారే!" అని మెటికలు విరిచింది.

భోజనం అయ్యాక ఆయన పక్కగదిలోకి వెళ్ళి తుపాకి బిగించుకుని వాకిట్లోకి వచ్చారు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. ఉప్పు తిన్నా గురి తప్పనంత దగ్గరకి వెళ్ళారు. రంగప్ప వెనక్కి తిరగలేదు.

"తిన్న్యావా?" అన్నాడు.

"తిన్న్యా."

"ఉప్పుతోనా?"

"ఉప్పుతోనే." ఆయన గొట్టం మడిచి, తూటా తీసి, రంగప్ప ఒళ్ళో వేశారు. "ఆ సెయ్యి కదిలింది సార్."

రంగప్ప తూటాను గుప్పిట్లో మూసుకున్నాడు. "కదిలింది. నేనూ సూసినా."

"సచ్చిపోయినాడంటిరి."

"అట్లనకుంటే నువ్వు ఆగుతావా? ఆ పొద్దు ఇద్దర్ని పోగొట్టుకోని రావాల్సొచ్చేది. తప్పో ఒప్పో నాకు ఈ పొద్దుకీ తెలీదు. నువ్వొస్తావనే ఎదురుసూస్తాండా."

మా ఆయన తుపాకిని కుర్చీకి ఆనించారు. "ఆ మాట నాకు గాదు. మదనపల్లెలో ఆయమ్మకు చెప్పండి. కదిలిందని మీ నోటితో చెప్పండి. ఆయమ్మ ఉమ్మితే ఉమ్మించుకోండి."

"ఎప్పుడు పోవాల?"

"ఇప్పుడే."

సాయంత్రం బస్సులో ముగ్గురం ఎక్కాము. పొద్దుటి కండక్టరే ఉన్నాడు. "పరుపు వాడినట్టే లేదే!" అని మళ్ళీ నవ్వించబోయాడు గాని, ఎవరూ నవ్వలేదు. ముందు సీట్లో రంగప్ప నిటారుగా కూర్చున్నాడు. పలమనేరులో మా ఆయన ఉడకబెట్టిన చెనిక్కాయలు కొని నా ఒళ్ళో పోశారు. వేడివేడిగా, ఉప్పగా ఎంత బాగున్నాయో చెప్పలేను. ఒకటి వొలిచి ఆయన నోట్లో పెట్టాను. నమిలి మింగారు. ఇంకొకటి పెట్టాను.

అయినా నేను కిటికీలోంచి బయటికి చూడలేదు. మదనపల్లె వచ్చేదాకా ఆయన కళ్ళనే చూస్తూ ఉన్నాను. ఆ కళ్ళు ముందు సీట్లోని రంగప్ప మెడ మీద నుంచి ఒక్కసారి కూడా పక్కకి జరగలేదు. ఎప్పుడు జరుగుతాయా అని, నేను ఒక్కొక్క కాయే వొలిచి పెడుతూ ఉన్నాను.