మలుపులో చప్పుడు

“ఒక్కసారి సార్‌తో మాట్లాడించండి మేడమ్,” అన్నాడు టైర్ల కొట్టాయన.

పాత టైరు మీద ఏముందో అదే వెయ్యమని ఆమె అప్పటికే చెప్పింది. వంగి, మట్టి తుడిచి, చదివి మరీ చెప్పింది: నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేను. పిల్లల బడి, తన ఉద్యోగం, సరుకులు, అత్తగారి మోకాళ్ళ వైద్యం, అన్నింటికీ ఆ కారు నడిపేది ఆమే. అయినా కొట్టాయనకు సార్ కావాలి.

ఫోను కలిపి ఇచ్చింది. స్పీకరులో భర్త గొంతు.

“దానికేం తెలుసండీ! రెండువందల అయిదు వెయ్యండి. వెడల్పుంటే పట్టు బాగుంటుంది. బండి కూడా దర్జాగా కనిపిస్తుంది.”

కొట్టాయన నవ్వాడు.

“వెడల్పుతోపాటు ఎత్తూ పెరుగుతుందండీ,” అంది ఆమె. “అరవై అయిదంటే ఆ వెడల్పులో నూటికి అరవై అయిదు వంతుల ఎత్తు. తిప్పినప్పుడు మడ్‌గార్డుకు తగులుతుంది.”

“రిమ్ము పదిహేనే కదా, కూర్చుంటుంది. పాఠాలు చెప్పకుండా ఇంటికి రా. పిల్లలు ఆకలంటున్నారు.”

టైర్లు రిమ్ముల మీద చక్కగానే కూర్చున్నాయి. ఆ ఇంట్లో వాడేది ఆమె, ఎంచేది అతను. వంటగట్టు కూడా అతని అంచనా ప్రకారమే కట్టించారు. పొట్టిదైపోయింది. “అలవాటైపోతుందిలే,” అన్నాడు. అలవాటైంది. నడుం వంగింది. అత్తగారి వైపు చూస్తే ఆవిడ నడుమూ అంతే.

మర్నాడు అత్తగారిని వైద్యానికి తీసుకెళ్తూ, ఆసుపత్రి గేటు దగ్గర మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పింది. ముందు టైరు మడ్‌గార్డుకు బర్రుమని రాసుకుంది. దిగి చూస్తే రబ్బరు పొట్టు లేచి ఉంది. ఇలాగే రోజూ రాసుకుంటే ఎక్కడో, పిల్లలు బండిలో ఉండగా టైరు పగులుతుంది.

సాయంత్రం భర్తతో చెప్పింది.

“తిప్పడం చేతకాక టైరు మీద పడి ఏడుస్తావేం?” అన్నాడు. తిన్నటి రోడ్డు మీద ఓ చుట్టు తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పడేశాడు. “వెన్నలా పోతోంది. అమ్మా, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నువ్వూ ఉన్నావుగా, నీకేమైనా వినబడిందా?”

ఆవిడ మోకాలికి మందు రాసుకుంటూ తల ఎత్తలేదు. “లేదురా. నా చెవులకేం వినబడుతుంది!”

“విన్నావా?” అన్నాడు భార్యతో.

ఇద్దరి మాటకు తన ఒక్క మాట ఏపాటి? ఆమె కంచాలు తీసి లోపలికి వెళ్ళింది.

మళ్ళీ వైద్యానికి వెళ్ళే రోజు వచ్చింది. ఆసుపత్రి గేటు ఇంకా కొంత దూరం ఉండగానే వెనక సీటులోంచి అత్తగారి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది.

“ఇక్కడే ఆపమ్మా. నడుస్తాను.”

“ఈ ఏటవాలులోనా? మోకాళ్ళతో ఎలా ఎక్కుతారత్తయ్యా?”

“ఆ మలుపులో చప్పుడు వింటే నా గుండె ఆగిపోతోందమ్మా.”

“మరి మీ అబ్బాయితో లేదన్నారేం?”

ఆవిడ తలుపు తీసి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ పైకి ఎక్కసాగింది. మోకాళ్ళు వంగని ఆ మనిషికి, కొడుకుతో నీది తప్పు అనడం కంటే ఆ ఎత్తు ఎక్కడమే తేలికైంది.