ఊజీ పడిన కంప్యూటర్

లక్కూరులో ఆంజినప్ప అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పేరు మంచితనం వల్ల రాలేదు, బ్లీచింగ్ నీళ్ల వల్ల వచ్చింది. మా పట్టుపురుగుల షెడ్డులోకి ఎవరు రావాలన్నా గుమ్మం దగ్గర ఆ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కోవలసిందే. ఒకసారి పట్టు శాఖ ఆఫీసరు బూట్లతో లోపలికి రాబోతే అడ్డంగా నిలబడ్డాడు. కట్టుకున్న పెళ్లాన్ని, నాకైనా మినహాయింపు లేదు. పట్టుగూళ్లు అమ్మిన మర్నాడు షెడ్డంతా కడిగి, సున్నం చల్లి, మందు కొడితేగానీ మళ్లీ పిల్లపురుగులను తేడు. అలాంటి మనిషి ఇంట్లో కంప్యూటరుకు తెగులు తగిలిందంటే నేను ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

మా కూతురు చైత్ర కోలారులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బెంగళూరు కంపెనీ ఒకటి ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి. కెమెరాలోంచి వాళ్లు చూస్తూ ఉంటారు, గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. నేను వాకిట్లో కాపలా కూర్చుని కోళ్లను కూడా అరవనివ్వలేదు.

పరీక్ష సగంలో ఉండగా లోపలినుంచి కేక వినిపించింది.

పరుగెత్తాను. చైత్ర రెండు చేతులూ గాలిలోకి ఎత్తి పట్టుకుని ఉంది. మౌసు పక్కన ఊరికే పడి ఉంది. తెర మీద బాణం గుర్తు మాత్రం దానంతట అదే కదులుతోంది! తాపీగా ఒక మూలకు పోయి ఏదో తెరిచింది, మూసింది, ఇంకోటి తెరిచింది. చూస్తుండగానే పరీక్ష మాయమై దాని చోట నాలుగు ముక్కలు వచ్చాయి. మీ కంప్యూటరును వేరే మనిషి నడుపుతున్నాడు, పరీక్ష రద్దు చేశాం, సంజాయిషీ ఇవ్వండి, మోసమని తేలితే కాలేజీకి రాస్తాం. కాలేజీకి రాశారంటే ఇక ఏ కంపెనీ కూడా చైత్రను గడప తొక్కనివ్వదు.

నా నోరు ఊరుకుంటుందా? "ఎవురితోనైనా రాయించుకుంటా ఉండావా ఏమి?" అన్నాను. బిడ్డ ముఖం చూశాక నాలుక కరుచుకున్నాను.

మర్నాడు సెలీన్ మేడం వచ్చింది. చైత్రకు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి, ఊరు కేజీఎఫ్. పొద్దున్నే బంగారుపేట మీదుగా బస్సులు మారి వచ్చింది. వస్తూనే కాఫీ కూడా తాగకుండా నెట్ వైరు పీకేసింది.

"ఇంగ వాడు లోపలికి రాలేడు అక్కా."

"ఎవుడు?"

"ఎవుడో మనకు తెలీదు. యాడ కూర్చొని ఉండాడో కూడా తెలీదు. దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. మనం ముందు తలుపుకు ఎన్ని తాళాలేసినా, వాడు వెనక తలుపులోంచి వచ్చి పోతా ఉంటాడు. మీరు టైపు చేసేది చూస్తాడు. కెమెరా కూడా తెరిచి చూస్తాడు."

ఆ కంప్యూటరు ఉన్నది మా నడిమింట్లో. దానికి ఎదురుగోడకే చైత్ర తల దువ్వుకునే అద్దం ఉంది. గబగబా పోయి, వైరు పీకేశారన్నది కూడా మరచి, నా కొంగు తీసి కెమెరా మీద కప్పాను.

మేడం వెతికి వెతికి ఆ వెనక తలుపు తెరిచే ప్రోగ్రామును పట్టుకుంది. పేరు చూస్తే కంప్యూటరు సొంత సరుకులాగే ఉంది. ఎక్కిన తేదీ కూడా చూపించింది. నేను లెక్క వేశాను. అది పోయినసారి గూళ్లు అమ్మిన మర్నాడు. చైత్ర కాలేజీలో ఉంది, నేను మల్బరీ తోటలో ఉన్నాను. మరి ఇంట్లో ఉన్నది?

వెనక్కి తిరిగాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గూళ్ల రేటు చూస్తా ఉంటి," అన్నాడు మెల్లగా. "తెరంతా ఎర్రగా అయిపోయి, కుయ్యో అని మొత్తుకునె. కన్నడంలోనే రాసి ఉండె, కంప్యూటర్‌లో వైరస్ ఉండాది, ఇప్పుడే క్లీన్ చేయండి అని. షెడ్డు కడిగినానే, బిడ్డ పరీక్ష రాసేదాన్ని కడగలేదే అనుకొని నొక్కినాను. పచ్చగా టిక్కు పడె."

"ఆ ఎర్ర తెరే దొంగది అన్నా, నువ్వు నొక్కినప్పుడే వాడు లోపలికి దూరినాడు," అంది మేడం.

"మాకు ఒక మాట చెప్పకూడదా అయ్యా?" అన్నాను.

"షెడ్డు కడిగినానని రోజూ చెప్తానా?"

తిట్టడానికి నా దగ్గర మాటలకు కరువా? అయినా ఆ పూట లేచిపోయి మేడానికి కాఫీ కలిపాను.

మేడం మొదట అన్నింటికీ ఫోనులో ఫోటోలు తీసుకుంది. తర్వాత దాన్ని తీసేసి కంప్యూటరును ఆర్పి వెలిగించింది. చూస్తే అది మళ్లీ అక్కడే ఉంది! చైత్ర ఏడుపు అందుకుంది.

"ఊజీ ఈగ మాదిరి ఉండాది," అన్నాడు మా ఆయన. "పురుగు మీద గుడ్డు పెట్టి పోతాది మేడం. పురుగు ఆకు తింటానే ఉంటాది, లోపల దాని పిల్ల దీన్ని తింటా ఉంటాది. కండ్లకు కనపడినదాన్ని చంపితే చాలదు, మిగిలినవి నేల బీటల్లో దూరి ఉంటాయి."

"నేనూ అదే చెప్పబోతా ఉండాను అన్నా. ఇంగ అంతా చెరిపేసేదే."

చెరిపేసింది. ఫోటోలూ రాసుకున్న పాఠాలూ మాత్రం పరీక్షించి బయట పెట్టింది, ప్రోగ్రాములు ఒక్కటీ ఉంచలేదు. తన కంప్యూటరులో తయారుచేసి తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో అంతా కొత్తగా ఎక్కించింది. పాస్‌వర్డులన్నీ నా ఫోనులోంచి మార్పించింది.

సాయంత్రం కంపెనీ ఆమె వీడియోలో వచ్చింది. మేడం పంపిన ఫోటోలు చూసింది. "ఇది దానంతట అది ఎక్కదు కదా. ఎవరు ఎక్కించారు?" అని అడిగింది.

చైత్ర తల వంచుకుంది. మళ్లీ అడిగినా నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా తండ్రి పేరు చెప్పదే! నేను నోరు తెరిచేలోగా మా ఆయన పోయి కెమెరా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా బిడ్డ కాదమ్మా. తలుపు తీసింది నేను."

ఆమె ఎర్ర తెర సంగతి, పచ్చ టిక్కు సంగతి అన్నీ అడిగి చెప్పించుకుంది. వచ్చేవారం పరీక్ష మళ్లీ పెడతామంది.

ఆ వారమంతా మా ఆయన నడిమింట్లో అడుగు పెట్టలేదు. అన్నం కూడా వాకిట్లోనే తిన్నాడు. పరీక్ష రోజు చైత్ర వాకిట్లోకి వచ్చింది.

"నాయనా, నువ్వొచ్చి ఆన్ చెయ్యి. లేకుంటే నేను రాయను."

ఆయన లేచి షెడ్డు వైపు వెళ్లిపోయాడు. తప్పించుకున్నాడే అని నాకు మండిపోయింది. కాసేపటికి తడి కాళ్లతో, తడి చేతులతో వచ్చాడు. ఇల్లంతా బ్లీచింగ్ వాసన కొట్టింది. చేతులు పంచెకు బాగా తుడుచుకుని మీట నొక్కాడు.

తెర వెలిగింది. దాని మీద ఒక చిన్న కిటికీ వచ్చి నిలబడింది. ఏదో ఎక్కించమంటారా, వద్దా అని అడుగుతోంది.

మా ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"చైత్రా, ఇది ఏమో అడగతా ఉండాది," అన్నాడు. "ఏమని చెప్పాలమ్మా?"

ఆఫీసరుకు అడ్డంగా నిలబడిన మనిషి ఇంకొకరిని ఇలా అడగడం నేను ఎన్నడూ వినలేదు.