పాల గ్లాసుకు ముందు గంట

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పని తప్పులు పట్టడం. కాలర్ నూలుపోగంత వంకర పోయినా చొక్కా వెనక్కి కొట్టేస్తుంది. సూపర్‌వైజర్ తలకిందులుగా తపస్సు చేసినా ససేమిరా వినదు. అదే మనిషి ఇంట్లో మాత్రం అత్తగారు చేతికి ఏమిస్తే అది కళ్ళు మూసుకుని మింగేసేది. అక్కడే వచ్చింది తంటా.

ఐదో నెల నడుస్తున్నా థైరాయిడ్ అదుపులోకి రాలేదు. డాక్టరమ్మ రెండుసార్లు మోతాదు పెంచినా రక్తపరీక్షలో అంకె దిగిరానంది. బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగలేదని స్కాన్‌లో తేలింది. అసలు మాత్ర ఎలా వేసుకుంటున్నావని నర్సు ఆరా తీస్తే గుట్టు బయటపడింది. కోడలికి మతిమరుపని అత్తగారు థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం మూడూ ఒకే గిన్నెలో వేసి, గ్లాసెడు పాలతో పొద్దున్నే అందిస్తోంది. ఆ పాలూ ఆ రెండు మాత్రలూ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవట. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని గంట ఆగాలి, మిగతా రెండూ నాలుగు గంటల తర్వాతే అని నర్సు చెప్పింది. మందు సరిగ్గా అందకపోతే బిడ్డ ఎదుగుదల, ముఖ్యంగా మెదడు, దెబ్బతినొచ్చని కూడా దాచకుండా చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు మండిపడింది. ముగ్గురిని కన్నాను, ఏ మందూ ఎరగను, కడుపుతో ఉన్న పిల్లను గంటసేపు మాడుస్తారా అని. మర్నాడు పొద్దున గిన్నె, పాలు మళ్ళీ సిద్ధం. ఇద్దరి మధ్యా నలిగిపోతున్న భర్త, పెద్దావిడ మనసు కష్టపెట్టకు, తాగేయ్ అని గొణిగాడు.

"ఇంట్లో గొడవెందుకని నేను తాగేస్తే, లోపలున్న బిడ్డ ఎవరికి చెప్పుకుంటుంది?" అందామె.

గిన్నెలోంచి థైరాయిడ్ మాత్ర ఒక్కటే ఏరుకుని మంచినీళ్ళతో మింగింది. మధ్యాహ్నం వేసుకోవడానికి తక్కినవి డబ్బాలో పెట్టి, డబ్బా తన సంచిలో వేసుకుంది. గడియారానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. భయం లేకపోలేదు, పెళ్ళయ్యాక ఆవిడకు ఎదురుచెప్పడం ఇదే మొదలు. అత్తగారు గ్లాసు పట్టుకుని, మూతి ముడుచుకుని గుమ్మంలోనే నిలబడింది. గంటయింది. పాలు చల్లారి మీగడ కట్టాయి. అప్పుడు కోడలు గ్లాసు అందుకుని చుక్క మిగల్చకుండా తాగింది.

రోజూ ఇదే తంతు. ఆరు వారాలకు అంకె దిగింది. స్కాన్‌లో బిడ్డ పుంజుకుంది. ఆస్పత్రి వరండాలో అందరికీ వినబడేలా, అంతా నా పాల చలవేనంది అత్తగారు.

"అవునత్తయ్యా," అంది కోడలు, "గంట ఆగి తాగిన పాల చలవ. రేపూ ఆగాల్సిందే."