మంచం పట్టేంత సందు

నాపబండల ఫ్యాక్టరీ ప్రహరీలోనే మా పని, మా రేకుల షెడ్లు. గేటుకు ఎప్పుడూ తాళమే. మాతో పనిచేసే మౌలాబీ పెంచుకునే కోళ్ళు కూడా మాతోపాటు బందీలే. గింజలు చల్లితే ఎర్రపెట్ట ముందు తింటుంది, దగ్గరికొచ్చిన నల్లపెట్టను పొడుస్తుంది. నల్లది చుక్కలపెట్టను పొడుస్తుంది. దాని కింద ఇంకెవరూ లేరు. ఆ పొద్దున చుక్కలదాని మెడ మీద నెత్తురు కనబడేసరికి అన్నీ కలిసి మీద పడ్డాయి. మౌలాబీ దాన్ని లాక్కుని, గాయానికి ఆముదంలో కలిపిన కుండమసి రాసి గంప కింద మూసింది. ఎరుపు కనబడకపోతే మిగతావి పొడవవట.

మేమూ అంతే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తేలిక బండలన్నీ రామసుబ్బమ్మక్కవి. ఆమె నన్ను కసురుతుంది, నేను కొత్తగా వచ్చిన సుంకమ్మను కసురుతాను. సూపర్‌వైజర్ మహానంది చూసి నవ్వుకుంటాడు. మేం పొడుచుకుంటున్నంతకాలం అతను గొంతు పెంచే పనే లేదు.

మధ్యాహ్నం పెద్ద బండ జారి సుంకమ్మ పాదం నలిగింది. చూసుకోవద్దా అని మొదట అరిచింది నేనే. నా వెనకే అందరూ అందుకున్నారు.

"నెత్తురు జూస్తానే మీరూ మొదలుపెడ్తిరా?" అంది మౌలాబీ, కొంగు చింపి కట్టు కడుతూ.

ఆసుపత్రికి పంపమని అడిగాం. సాయంత్రం లారీ వస్తేగానీ గేటు తీయనన్నాడు మహానంది. కట్టు అప్పటికే తడిసిపోయింది.

రామసుబ్బమ్మక్క ఎన్నడూ ముట్టని పెద్ద బండను నెత్తికెత్తుకుంది. తీసుకెళ్ళి గేటుకు అడ్డంగా దించింది. వెనకే అందరం మోశాం. నడుమెత్తు గోడ లేచింది, సుంకమ్మను పడుకోబెట్టిన మంచం పట్టేంత సందు మధ్యలో వదిలాం. మహానంది తిట్టాడు, బెదిరించాడు.

"ఈ పిల్ల బయటికి పోయేదాకా నీ లారీ లోపలికి రాదప్పా," అంది అక్క.

అతను యజమానికి ఫోన్ చేశాడు. తాళంచెవి పట్టుకొచ్చి గేటు తీస్తూ, మంచం మోసినవాళ్ళకు రేపట్నుంచి పని లేదన్నాడు. నేను వెళ్ళి సుంకమ్మ తలవైపు కోడు పట్టుకున్నాను. మౌలాబీ ఇంకో కోడు పట్టింది, మరో ఇద్దరు కలిశారు.

"అట్లయితే ఈ నలుగురూ తిరిగి పనిలోకొచ్చేదాకా బండలు ఈడనే ఉంటాయి," అంది అక్క.

సందులోంచి బయటపడ్డాం. వెనక తాళం పడింది. రోడ్డు మీద ఆటో దొరికేదాకా నేను వింటూనే ఉన్నాను. లోపల ఆ గోడలోంచి ఒక్క బండ తీసిన చప్పుడు కూడా రాలేదు.