బిందెలో పుట్టిన పాత పాట

మా మావ పైడన్న లెక్కలో, లోకంలో పాట చచ్చిపోయి చాలా కాలమైంది. ఎప్పుడు చచ్చిందన్నది మాత్రం పూటకోలా చెప్తాడు. టీ తాగక ముందు అడిగితే, ఇళ్ళల్లో రేడియోలు మూలన పడ్డ రోజునే పోయిందంటాడు. తాగాక అడిగితే, ఆటోల్లో స్పీకర్లు పెట్టినప్పుడంటాడు. ఇప్పుడొచ్చేవి పాటలు కావట, పోయిన పాటకి దినం బాజాలట.

"ఏటల్లుడా అది? ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఎవులో తరుముతుంటే పారిపోతన్నట్టు పాడతాడేటి ఈడు?"

"ప్రేమ పాట మావా."

"ప్రేమా? కుక్క కరిసిందేమో అనుకున్నాను నాను."

నేను బరంపురం లంజిపల్లిలో వీధి వీధి తిరిగి చేపలమ్ముతాను. బండికి చిన్న స్పీకరు కట్టుకున్నాను. కొత్త పాట వేస్తే కోడళ్ళు బయటికొస్తారు, పాత పాట వేస్తే అత్తలొస్తారు. ఎవరు కొన్నా కూర ఒకటే కదా. అందుకని పాటల విషయంలో నాకు పక్షపాతం లేదు. మావని ఏడిపించడంలో మాత్రం ఉంది. అల్లుణ్ణి, ఆ మాత్రం హక్కు లేకపోతే పెళ్ళెందుకు చేసుకున్నట్టు?

కానీ ఈ ఏడు గంగమ్మ పండగ దగ్గరికొచ్చేసరికి ఆ గొడవ నవ్వులాటలా మిగల్లేదు.

గంజాం దగ్గర మా రేవులో ఒక ఆచారం ఉంది. పండగనాడు పెద్దవలని పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసి, ఊరంతా రెండు జట్లుగా చెరో తాడూ పట్టుకుని ఒడ్డుకి లాగుతాం. ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు "ఐలేసా" అంటూ లాగాలి. ఆ రోజు వల మూగగా ఒడ్డుకి రాకూడదు. నాకు తెలిసి పాట ఎత్తేది మా మావే. అతనికి ముందు అతని అయ్య. ఈసారి మావ గొంతు పాడైంది. గట్టిగా అరిస్తే ఉన్న గొంతు కూడా పోతుందని బరంపురంలో డాక్టరు భయపెట్టాడు. కుర్రాళ్ళలో ఎవరికీ ఆ పాట మొదటి చరణం దాటి రాదు.

రింకి నేనెత్తుతానంది. రింకి మావ కొడుకు కూతురు, బరంపురంలో కాలేజీకి వెళ్తోంది. పండగ కోసం తనే ఒక పాట కట్టి, ఫోన్లో దానికి డప్పు కూడా పెట్టుకుంది.

"ఒక్కసారి ఇను తాతా."

"ఫోన్లో పుట్టింది ఫోన్లోనే సావాల. వల మీదకి తేకు."

"ఇనకుండానే బాగోదని ఎలా తెలిసింది?"

"కుళ్ళిన సేపని తెలీడానికి తిని సూడాలేటే?"

"మరి వల మూగగా వస్తాది. పరవానేదా?"

"రానీ. ఈ కాలం పాట కన్నా ఆ మూగతనమే నయం."

రింకి ఆ కోపంతో మా ఇంటికొచ్చింది. మా ఆవిడ కాసమ్మ, అంటే మావ కూతురు, దానికి అన్నం పెట్టింది. అది తినలేదు.

"నన్ను కాదంటే కాదననీ మావయ్యా. ఈ ఏడు మూగగా లాగితే వచ్చే ఏడు స్పీకరు పెట్టేస్తారు. మరింక తాత ఎనకాల మనింట్లో పాటే ఉండదు," అంది.

దాని కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు జాలి రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే ఒక కొంటె ఆలోచన కూడా వచ్చేసింది. నాకు అవి రెండూ కలిసే వస్తాయి.

"రింకమ్మా, నీ పాటకి వయసు తక్కువైంది. అంతే. పెంచేద్దాం."

నా పెళ్ళికి మావ ఇచ్చిన టేప్ రికార్డరు ఇంకా పలుకుతోంది. పాత భజనల క్యాసెట్టు ఒకటి తీశాను. నోట్లో కిళ్ళీ కుక్కుకుని, ఇత్తడి బిందెలో తల దూర్చి, రింకి పాటని దాని చేతే నేర్చుకుని పాడాను. మధ్యలో కిళ్ళీ రసం గొంతుకి అడ్డం పడి దగ్గాను. బాగుందని దాన్ని అలాగే ఉంచాం. తర్వాత క్యాసెట్టుని రేకు మీద ఎండు చేపల పక్కన పెట్టి ఓ పూట ఎండబెట్టాను. పాట పాతదైతే సరిపోదు, వాసన కూడా పాతదవ్వాలి కదా!

సాయంత్రం టేప్ రికార్డరూ క్యాసెట్టూ మావ అరుగు మీదకి తీసుకెళ్ళాను. అతని స్నేహితుడు అసిరయ్య కూడా ఉన్నాడు.

"మావా, లంజిపల్లిలో ఒక ముసలాయన ఇచ్చాడు. మన రేవులో వల లాగుతుంటే ఎవరో ఎప్పుడో రికార్డు సేసుకున్నారట."

మీట నొక్కాను. గరగరమంటూ నా బిందె గొంతు బయటికొచ్చింది. మావ తల ఊపడం మొదలెట్టాడు.

"ఇదల్లుడా పాటంటే. ఆ గొంతు సూడు. ఉప్పు నీళ్ళలో నానిన గొంతు."

"ఇలాటి గొంతులు ఇప్పుడెక్కడున్నాయిరా," అన్నాడు అసిరయ్య.

నా ఛాతీ బిందెంత అయింది. నాతో వచ్చిన కాసమ్మ లోపల నవ్వాపుకోలేక గిన్నెలు పడేసుకుంటోంది. మొగుడి గొంతు ఆవిడకి తెలీదా, ఏళ్ళ తరబడి గురక వింటోంది. ఇంకొక్క చరణం అవనిచ్చి, "మావా, ఇది నీ మనవరాలి పాట, పాడిన గాడిదని నేను," అని చెప్పేసి నవ్వుదామని నోరు తెరిచాను. అంతలో ఈ చరణం వచ్చింది.

*నల్లకొండ నెత్తిన తాడి నిలిసింది, ఐలేసా!*
*తాడి నీడన తల్లి సేపల్ని దాసింది, ఐలేసా!*

మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపు. మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేశాను. మావ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

సముద్రం మీద మా వాళ్ళు గుర్తులతోనే వల వేస్తారు. పడవలోంచి చూసినప్పుడు ఒడ్డు మీద ఏ చెట్టు ఏ కొండ మీదకి వచ్చి నిలబడితే అక్కడ వెయ్యాలి, అప్పుడు వల అడుగున రాయికి చిక్కదు అని ప్రతి ఇంటికీ కొన్ని గుర్తులుంటాయి. పక్కింటివాడికి కూడా చెప్పరు.

"ఈ గుర్తు మా అయ్యది," అన్నాడు మావ. "మా ఇల్లు దాటి బయటికి పోనేదు. ఆ తాడి సెట్టు నాను మీసం రాని వయసులో ఉన్నప్పుడే తుపానుకి పడిపోనాది. అసిరయ్య ఈ రేవుకొచ్చిందే ఆ తర్వాత, ఆడూ సూడ్నేదు దాన్ని. ఇది మా అయ్యే పాడతన్నాడు అల్లుడా. మా అయ్య గొంతు మళ్ళీ ఇంటాననుకోలేదు."

"అవున్రా," అన్నాడు అసిరయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ దగ్గు కూడా ఆయందే."

తెరిచిన నోరు మూసుకున్నాను. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

మర్నాటి నుంచీ మా రేవంతా అదే పాట. మావ అందర్నీ కూచోబెట్టి వినిపించాడు. పండగనాడు ఇదే ఎత్తాలన్నాడు. ఎవరికి బాగా వస్తే వాళ్ళే ఎత్తాలన్నాడు. ఎవరికి వస్తుంది? రింకి ఒక్క తప్పు లేకుండా పాడేసింది.

"సూసినారా," అన్నాడు మావ ఊరందరితో. "ఒక్కసారికే పట్టీసినాది. రగతం ఎక్కడికి పోతాది?"

రింకి నావైపు చూసిన చూపుకి చేపైతే అక్కడికక్కడే ఎండిపోయేది.

"నా పాట ఊరంతా పాడతంది మావయ్యా, నాది కాదంట," అంది తర్వాత. "పైగా తాతకి లేని అయ్యని ఇచ్చినాం. నాను సెప్పేస్తాను."

"వల ఒడ్డుకొచ్చాక సెప్పు తల్లీ. సముద్రంలోకి తోసేస్తే నాకు ఈత రాదు."

"నీకు నవ్వులాటే."

నిజానికి నాకు నవ్వు రావడం లేదు. చెప్తే మావ రెండోసారి తండ్రిని పోగొట్టుకుంటాడు. చెప్పకపోతే ఈ పిల్ల పాట పోగొట్టుకుంటుంది. బిందెలోంచి తల బయటికి తీశాననుకున్నాను గానీ ఇంకా అందులోనే ఉన్నాను.

పండగనాడు పొద్దున్నే గంగమ్మకి పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పడవ వెళ్ళి వల వేసి వచ్చింది. రెండు తాళ్ళూ పట్టుకున్నాం. మావ ఇసక మీద కూచుని కళ్ళు మూసుకున్నాడు. రింకి ఎత్తుకుంది. గొంతు గాలిని చీల్చుకుని అవతలి తాడు దాకా వెళ్ళింది. మేం "ఐలేసా" అని లాగాం. మొదట బాగానే వచ్చింది. పోనుపోనూ మాకు ఆయాసం పట్టుకుంది. ఒక "ఐలేసా" అయ్యేలోగా ఇంకో చరణం మీద పడుతోంది. ఊపిరి తీసుకుందామంటే సందు లేదు. మా తాడు ముందుకొస్తే అవతలి తాడు వెనక్కి జారుతోంది. వల ఒక పక్కకి ఒరిగిపోయింది.

మావ కళ్ళు తెరిచాడు.

"ఆపండి."

అందరం తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాం.

"మా అయ్య ఇలా పాడడు. మనిసికి ఊపిరి తీసుకోడానికి సోటు లేకుండా పాట కట్టడు. ఇది తాడు పట్టినోడు కట్టిన పాట కాదు." నావైపు తిరిగాడు. "అల్లుడా, ఇది ఎవుల్దిరా?"

నేను చేతిలో తాడు పేటలు లెక్కపెట్టడం మొదలెట్టాను. రింకి ముందుకొచ్చింది.

"నాది తాతా. నానే కట్టినాను. గొంతు మావయ్యది. బిందెలో తల పెట్టి పాడినాడు."

అవతలి తాడు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మావ మొహం చూసి ఆపేశారు. ఆ మొహంలో కోపం ఉంటే బాగుండుననిపించింది నాకు. తిట్లు తినడం అలవాటే. ఏమీ లేకుండా పోయిన మొహం అది.

మావ రింకి వైపు తిరిగాడు. "మరి నల్లకొండ నెత్తిన తాడి? ఆ గుర్తు నీకెవులు సెప్పినారే?"

"నువ్వే."

"నానెప్పుడు సెప్పినాను?"

"సిన్నప్పుడు నన్ను బుజం మీద ఎక్కించుకుని ఇక్కడికే తెచ్చినావు. అదిగో నల్లకొండ, దాని మీద తాడి, మా అయ్య గుర్తు అన్నావు. సెట్టు లేదు కదా తాతా అన్నాను. కళ్ళు మూసుకుని సూడమన్నావు. సూసినాను. ఇప్పుడు పాటలో పెట్టినాను."

మావకి ఆ సంగతి గుర్తున్నట్టు లేదు. కొండవైపు తిరిగి కాసేపు చూశాడు. అలలకి తాడు మా చేతుల్లోంచి జరజరా జారింది.

"ఒరే పైడన్నా!" అని అరిచాడు అసిరయ్య. "మీ పంచాయితీ తర్వాత. వల ఎనక్కి పోతంది!"

మావ లేచాడు. ఇసకలో నడిచి రింకి పక్కనొచ్చి నిలబడ్డాడు.

"మాటలు బాగున్నాయి. మా అయ్య ఇన్నా బాగున్నాయనే అంటాడు. నడకే తప్పు. ప్రతి ఐలేసా ఎనకాల ఒక ఊపిరి ఇడువు. నా సెయ్యి కిందకి దిగినప్పుడే ఎత్తు, దిగకుండా ఎత్తితే సూడు. అల్లుడా! నువ్వు తాడు తోకకి ఎల్లు. అందరికన్నా ఎనక్కి. ఇయాల నీ నడుం ఇరగాల."

"ఠిక్ అచి మావా, అలాగే," అన్నాను. అంతకన్నా తక్కువ శిక్ష పడుతుందని నేననుకోలేదు.

మావ చెయ్యి లేపి, దించాడు. రింకి ఎత్తుకుంది. అదే పాట, ఈసారి నిదానంగా. మధ్యలో కాస్త ఖాళీ. ఆ ఖాళీలో మా ఊపిరి, అల చప్పుడు, మళ్ళీ పాట. రెండు తాళ్ళూ ఒక్కలా కదిలాయి. వల తిన్నగా తిరిగింది. మావ గొంతు విప్పలేదు. చెయ్యే పాడింది.

ఉండబట్టలేక తోక దగ్గర్నుంచే కేకేశాను. "మావా! మరైతే ఈ కాలం పాటలు మంచియేనా?"

"సెడ్డయే!" అన్నాడు చెయ్యి ఆపకుండా, ఉన్న గొంతుతో. "లాగితే బాగుపడతాయి."

అంతలో అవతలి తాడు దగ్గర్నుంచి ఎవరో కుర్రది, రింకి వదిలిన ఖాళీలో తన చరణం దూర్చింది.

*తాడు తోకన అల్లుడు తడిసి ముద్దయినాడు...*

రింకి తాత వైపు చూసింది, ఒప్పుకుంటాడా అని. మావ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, దిగింది.

"ఐలేసా!" అంది రేవంతా. చెమటకి తడిసి ముద్దయినవాణ్ణి, నేనూ అన్నాను, లాగాను.