రెండో నంబరు మిషను

మూడో నంబరు కంప్యూటరు మూత విప్పి, లోపలి ఫ్యాను రెక్కకు ఎడమచేతి చిటికెన వేలు అడ్డంపెట్టి, కుడిచేత్తో బ్లోయరు నొక్కాడు బిక్షపతి. బూడిద బుస్సుమని లేచింది. మొహం పక్కకు తిప్పుకుని, తువ్వాలతో ముక్కు మూసుకుని మళ్ళీ నొక్కాడు.

మిర్యాలగూడ గాలిలో ఊక బూడిద ఉంటుంది. మిల్లుల పొగగొట్టాల నుంచి లేచి ఆరేసిన బట్టల మీద, ఇడ్లీ బండి మూతల మీద వాలుతుంది. స్టేషను రోడ్డులో మేడమీద ఉన్న ఈ పెళ్ళి వీడియోల మిక్సింగు గదికి కిటికీలన్నీ మూసే ఉంటాయి. అయినా వారం తిరిగేసరికి లోపల బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను అంచుల వెంట నల్లటి చార కడుతుంది. ఆ చార తీయడమే బిక్షపతి పని.

బ్లోయరు గాలికి రెక్క తిరగకూడదు. కరెంటుతో తిరిగేది గాలితో గిర్రున తిరిగితే లోపల బేరింగు చెడుతుంది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు రైసుమిల్లులో మోటార్ల మధ్య మెలిగిన వేళ్ళకు తెలుసు.

అరవై మూడేళ్ళు. బక్కమనిషి. చదువు మూడో తరగతిలో ఆగింది, కుడిచెవి మిల్లు మోతలో పోయింది. ఎడమచెవి మాత్రం ఇంకా పనిలోనే ఉంది. ఏ మోటారు సుఖంగా తిరుగుతోందో, ఏది కష్టపడుతోందో గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆ చెవితో చెప్పగలడు. చెప్పడు. అడిగినవాళ్ళు లేరు. ఈ గదిలో చేరి ఆరేళ్ళు. నాలుగు కంప్యూటర్లు, ఒక్క ఫ్యానూ చెడలేదు. లోకంలో తనది అని అతను అనుకునేది అదొక్కటే.

రెండో నంబరు మూత మీద చెయ్యి వేశాడో లేదో, యజమాని యుగంధర్ మెట్లెక్కి వచ్చాడు.

"బిక్షపతీ, దాన్ని ముట్టకు."

"ఎందుకు సారూ?"

"ఎందుకంటవా? నీ బ్లోయర్ గాలికే పోయింది గా కార్డు. సూర్యాపేట నుంచి హరీష్ వస్తున్నడు. ఆయన గూడ గదే అంటే ఇగ నువ్వు పైకి రాకు. కింద బండ్లు సూస్కో."

బిక్షపతి బ్లోయరు తీగ చుట్టి మేకుకు తగిలించాడు. పోయి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

రెండో నంబరుకు పది రోజులుగా బాగాలేదు. కోదాడ పెళ్ళి ఒకటి అందులో ఉంది. నిడమనూరు నుంచి వచ్చే సంతోషి పన్నెండు రోజులు కూర్చుని ముక్కలన్నీ అతికింది. ఇక మిగిలిందల్లా అంతా కలిపి ఒక్క వీడియోగా దించడం. పెద్ద కార్డు ఉన్నది రెండో నంబరుకే కాబట్టి దించితే అందులోనే దించాలి. నడిపించిన అరగంటకు తెర నల్లబడి ఆగిపోతోంది. రేపు సాయంత్రం కోదాడలో పదహారు రోజుల పండుగ. ఫంక్షన్ హాల్లో పెద్ద తెర కట్టించారు.

పది గంటలకు హరీష్ వచ్చాడు. కుర్రవాడే గాని పనిలో నిదానం. బ్యాగులోంచి తెల్లకాగితం తీసి గళ్ళు గీసి గోడకు అంటించాడు.

"కార్డుకూ కంప్యూటర్‌కూ నడుమ మాట మోసేది డ్రైవరక్కా," అన్నాడు సంతోషితో. "గేములాడేటోళ్ళకు ఒక రకం ఇస్తరు, ఎడిటింగోళ్ళకు ఒక రకం. కొత్తది వస్తే ఒక్కోసారి పాతదే నయమనిపిస్తది. ఇయ్యాల అన్నీ పెట్టి సూద్దాం. ఏది మంచిదో కాగితమే చెప్తది."

డ్రైవర్లు కాక, కార్డు వేడి చూసి ఫ్యాను వేగం పెంచి తగ్గించే సాఫ్టువేర్లు రెండున్నాయి. ఒకటి కార్డుతో వచ్చింది. బైకు మీటరులాగా ఎర్రముల్లు తిరుగుతుంటుంది. రెండోది ఊరికే దొరికేది. సాదా గీతలు, అంకెలు. ఏది సరిగ్గా చూపిస్తుందో పోల్చడానికి రెండింటినీ తెర మీద పక్కపక్కనే తెరిచిపెట్టాడు.

మొదట గేముల డ్రైవరు. అరగంటకు ఆగింది. దాన్ని పూర్తిగా తీసేసి ఎడిటింగుది ఎక్కించాడు. ముప్ఫై అయిదు నిమిషాలకు ఆగింది. పోయినేడాదిది వెతికి దించాడు. అదీ ఆగింది. కాగితం మీద మూడు గళ్ళలో ఒకే మాట పడింది.

మధ్యాహ్నం రెండయింది. సంతోషి సద్దిగిన్నె మూత తీయలేదు. కోదాడ నుంచి పెళ్ళికూతురి తండ్రి ఫోను.

"ఏమండీ యుగంధర్ గారూ, వీడియో అయిపోయినట్టేనా? చుట్టాలందరికీ చెప్పుకున్నామండీ, పరువు తీయకండి."

"అయితది సార్, అయితది," అని ఫోను పెట్టేశాడు యుగంధర్. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కార్డే పోయినట్టుందన్నా," అన్నాడు హరీష్. "వేడి తొంభై దాటుతంది. ఫ్యాన్ దెబ్బతిన్నదేమో."

యుగంధర్ గుమ్మం వైపు చూశాడు. ఆ చూపు చాలు.

బిక్షపతి స్టూలు మీద నుంచి లేచాడు. పొద్దుటి నుంచి ఎడమచెవి గదిలోకి పెట్టుకునే కూర్చున్నాడు.

"ఇంకొక్కపారి నడిపియ్ బిడ్డా," అన్నాడు సంతోషితో.

"ఎందుకు తాతా, ఆగనీకా?" అన్నాడు హరీష్.

"నడిపియ్."

సంతోషి మౌసు కదిపింది. బిక్షపతి తువ్వాల అంచు నుంచి జానెడు దారం లాగాడు. కార్డు గాలి బయటికొచ్చే సందు ముందు రెండు వేళ్ళతో వేలాడదీశాడు.

హరీష్ నవ్వాడు. "తాతా, నీ దారం ఏ వెర్షన్?"

దారం లేచింది, అడ్డంగా నిలబడి రెపరెపలాడింది. బిక్షపతి పెదవులు లెక్కపెడుతున్నాయి. పన్నెండు దగ్గర దారం వాలిపోయింది. మళ్ళీ లెక్క. తొమ్మిది దగ్గర లేచింది. పన్నెండుకు వాలింది. అలా ఏడెనిమిది సార్లు. హరీష్ నవ్వడం మానేశాడు. యుగంధర్ దగ్గరికి వచ్చాడు.

"ఖరాబైన మోటారు గిట్ల చెయ్యది," అన్నాడు బిక్షపతి. "అదైతే గీసుకుంటది, లేకుంటే ఆగుతది. గిది మంచిగ ఉరుకుతంది, మంచిగ ఆగుతంది. చెప్పినట్టు ఇంటంది. ఇద్దరు మేస్త్రీలున్నరు దీనికి. ఒకడు ఉరుకు అంటడు, ఒకడు నిలబడు అంటడు. పది దినాల సంది గిదే సప్పుడు."

ఆరేళ్ళలో అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది ఎవరూ వినలేదు.

హరీష్ తెర వైపు చూశాడు. ఎర్రముల్లూ, సాదా గీతలూ, పక్కపక్కనే. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మో. రెండూ ఫ్యాన్‌నే పట్టుకున్నయి. పోల్చాలని నేనే రెండూ తెరిచిపెట్టిన! మరి నేను రాకముందు గూడ ఆగిందంటిరి? రెండోది ఎవరెక్కిచ్చిన్రు?"

సంతోషి గొంతు సవరించుకుంది. "సారే ఎక్కిచ్చిన్రు. ఫోన్ల ఎవరో చెప్తే సూసి. పది రోజులైంది."

యుగంధర్ గోడ మీది కాగితాన్ని చాలా శ్రద్ధగా చదవసాగాడు.

"ఏది ఉంచుదాం తాతా?" అన్నాడు హరీష్. ఈసారి ఎగతాళి లేదు.

"ఒక్కోటి నడిపియ్. ఇంట."

ఎర్రముల్లుది ఒక్కటే ఉంచి కాసేపు నడిపారు. ఫ్యాను ఉన్నట్టుండి ఎగిరిపడి, ఉన్నట్టుండి తగ్గింది. దాన్ని తీసి రెండోది పెట్టారు. మెల్లగా ఎక్కింది, ఒకచోట నిలిచింది, అక్కడే ఉంది. బిక్షపతి కళ్ళు మూసుకుని విన్నాడు.

"గిది. మోటారును గౌరవిస్తంది."

అప్పుడు హరీష్ డ్రైవర్ల లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఏదీ ఆగలేదు. చిన్న ముక్క ఒకటి తీసుకుని మూడింటిలోనూ దించితే, ఎడిటింగు డ్రైవరు అన్నింటికంటే ముందు ముగించింది. దాన్నే ఉంచి కోదాడ పెళ్ళి మొత్తం పెట్టారు. ఆరు గంటలకు తెర మీద నూటికి నూరు పడింది. చివరన అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడుస్తుంటే సంతోషి సద్దిగిన్నె తెరిచి తినసాగింది.

యుగంధర్ కోదాడకు ఫోను చేశాడు. "అయిపోయింది సార్. లేదు సార్, కార్డుకేం కాలే. మా బిక్షపతి పట్టిండు... ఇంజనీరు కాదు సార్. మా మనిషి." ఫోను జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులతో తనే మెట్లెక్కి వచ్చాడు. ఒకటి బిక్షపతికిచ్చాడు. ఇద్దరూ నిలబడే తాగారు. బండ్ల మాట మళ్ళీ రాలేదు.

హరీష్ బ్యాగు సర్దుకున్నాడు. "సూర్యాపేట వస్తవా తాతా? మా షాపుల పది మిషన్లున్నయి."

"గీడ నాలుగున్నయి," అన్నాడు బిక్షపతి.

అందరూ లేచే వేళకు సంతోషిని అడిగాడు, "సుద్దముక్క ఉన్నదా బిడ్డా?" గడప మీద ముగ్గుకు ఆమె దాచుకున్న డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చింది. రెండో నంబరు మూత బిగించి, దాని నల్లటి పక్కరేకు మీద నిలువునా ఒక గీత గీశాడు.

"ఇదేంది పెద్దయ్యా?"

"మిల్లుల గీస్తుంటిమి. నా చేతుల మోటారు మంచిగయ్యిందంటే గిట్ల గీసి పంపుతుంటి. గీత సూస్తే ఇగ ఎవ్వడూ విప్పకపోతుండె."

ఆరేళ్ళలో ఈ గదిలో అతను గీసిన మొదటి గీత అది. తువ్వాల దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నడుము ఎప్పటికంటే నిటారుగా ఉందని సంతోషికి అనిపించింది.

మరునాడు ఎనిమిదైనా, రోజూ బిక్షపతి లేపే షట్టరు లేవలేదు. ఎనిమిదిన్నరకు అతని భార్య ఎల్లమ్మ సంతోషికి ఫోను చేసింది. గొంతులో ఏడుపు లేదు, అది ఇంకా అక్కడిదాకా రాలేదు.

"రాత్రి బువ్వ తిని పండుకున్నడు బిడ్డా. పొద్దుగాల లేపితే లేవలే. ఎన్నడూ ఏం చెప్పని మనిషి, తినుకుంట అన్నడు, 'రెండో నంబరు నాతోని ఖరాబు కాలే, మంచిగైంది' అని. రెండో నంబరు అంటే ఏంది బిడ్డా?"

సంతోషి చెప్పింది. మొదటి నుంచి, దారం సంగతితో సహా చెప్పింది. ఎల్లమ్మ అంతా విని, "గట్లనా," అంది.

యుగంధర్ పాడె మోసి, స్నానం చేసి, అటునుంచి అటే వీడియో తీసుకుని కోదాడ పోయాడు.

మూడో రోజు సంతోషి షట్టరు లేపింది. బూడిద తుడిచింది. గీత ఉన్న రేకును తుడవలేదు. ఇంకో పెళ్ళి ఎక్కించి రెండో నంబరును నడిపించింది. ఫ్యాను మెల్లగా ఎక్కి, ఒకచోట నిలిచింది. నున్నటి మూత మీద, అతను గీసి పెట్టేసిపోయిన గుండ్రటి సుద్దముక్క, మిషను నడుస్తున్నా అటూ ఇటూ దొర్లకుండా పెట్టినచోటే ఉంది.