తోకలో నిమ్మకాయ

పంజాగుట్టలో కంప్యూటర్ ముందు కూర్చుని వారమంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే కేదార్, తన రిమోట్ విమానంలో మాత్రం ఒక్క తప్పూ వెతక్కుండా అమీర్‌పేటలోని అపార్టుమెంటు డాబా మీద నుంచి ఎగరేశాడు. "వద్దురా, కింద జనం" అని తల్లి అరుణాదేవి పక్కనే మొత్తుకుంటూ ఉంది. వింటేగా. విమానం గాలికి కొట్టుకుపోయి, కోచింగ్ సెంటర్ల వీధిలో ఆగి ఉన్న షేర్ ఆటో టాపు మీద పడి ముక్కలైంది. ఆ పక్కనే ఒక అమ్మాయి పుస్తకాలు గుండెకు హత్తుకుని బిత్తరపోయి నిలబడింది. ఆమెకు చిన్న గీత కూడా పడలేదు. అయినా ఆ పూట నుంచి అరుణాదేవికి కంటిమీద కునుకు లేదు.

కొడుకు ఆ పిచ్చి మానేస్తాడనుకుంది. మానలేదు గానీ బుద్ధి మాత్రం వచ్చింది. ఆఫీసులో పనిచేసే శ్రవణ్‌ను పట్టుకున్నాడు. సిరిసిల్ల కుర్రాడు, విమానాలు ఎగరెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. ఇళ్ల మధ్య ఎగరెయ్యనని మాట ఇస్తేనే నేర్పుతానన్నాడు. ఊరి బయట ఖాళీ మైదానంలో, పొద్దున్నే గాలి లేనప్పుడు మాత్రమే. ఇద్దరి రిమోట్లనూ ఒక వైరుతో కలుపుతాడట. కేదార్ తడబడితే, స్విచ్చి మార్చి విమానాన్ని తన చేతుల్లోకి తీసుకుంటాడట. ఇదంతా విని అరుణాదేవి కాస్త కుదుటపడింది.

కాస్తే. కొత్త విమానం తయారయ్యాక, కొత్త స్కూటరుకు చేసినట్టు దానికీ పూజ చెయ్యకపోతే ఎలా? బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన నిమ్మకాయ తెచ్చింది. చక్రాల కింద పెట్టి తొక్కిద్దామంటే ఆ చక్రాలు చిట్టిగారెలంత ఉన్నాయి. కొడుకు స్నానానికి వెళ్లిన సమయం చూసి, రెక్కను పట్టి ఉంచిన రబ్బరు బ్యాండ్లు విప్పి, నిమ్మకాయను ఎర్రగుడ్డలో చుట్టి తోకవైపు లోపలికి తోసేసింది. మళ్లీ రెక్క బిగించి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం బయల్దేరే ముందు శ్రవణ్ ఇంటికి వచ్చి విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ల మీద నిలబెట్టాడు. తోక కిందికి వాలింది.

"తోక బరువైతుంది కేదార్. గిట్లనే ఎగరేస్తే ముక్కు పైకెత్తి, నడుమ ఆగి, దబ్బున పడ్తది."

ముక్కులో సీసం ముక్కలు అంటించి సరిచేశాడు. వంటింట్లో ఉప్మా కలుపుతున్న అరుణాదేవి గరిటె ఆగిపోయింది. చెబుదామా? శుభమా అని బయల్దేరుతుంటే అమ్మవారి ప్రసాదాన్ని బయటికి లాగడం ఏం బాగుంటుంది? ఎలాగూ సరిచేశారు కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, వాళ్లతో పాటు కారెక్కింది.

మైదానంలో శ్రవణ్ రెండు రిమోట్లూ కలిపాడు. తోక, చక్రాలు అన్నీ కదిపి చూసి, ఇద్దరి వైపూ తిరిగాడు.

"ఎగరేసే ముందు నేను అందర్ని అడుగుత. ఎవరికైనా జర అనుమానమున్నా ఇప్పుడే చెప్పాలె. పైకి పోయినంక చెప్తే ఫాయిదా లేదు."

మైదానం అవతల ఇద్దరు ఆడవాళ్లు గడ్డి కోస్తున్నారు. అరుణాదేవికి ఆ పుస్తకాల పిల్ల మొహం కళ్ల ముందు మెదిలింది.

"దాని తోకలో నిమ్మకాయ ఉంది నాయనా. నేనే పెట్టాను."

కేదార్ మొహం జేవురించింది. శ్రవణ్ మాత్రం నవ్వలేదు. రెక్క విప్పి చూశాడు. కారు కుదుపులకు ఎర్రగుడ్డ జారి, తోకను కదిపే పుల్లకు ఆనుకుని ఉంది.

"ఇంక కొంచెం జరిగితే తోక పట్టేస్తుండె. చెప్పి మంచి పని చేసిండ్రమ్మా."

అమ్మవారికి కోపం వస్తుందేమోనని భయపడింది గానీ, నిమ్మకాయ చేతికి రాగానే అరుణాదేవి గుండె మీది బండ దించినట్టయింది. తనచేత ఆ మాట చెప్పించింది అమ్మవారే అనుకుంది. సీసం తీసేసి, తూకం మళ్లీ చూసి, ఎగరేశారు. ఒక మలుపులో కేదార్ తడబడితే శ్రవణ్ అందుకున్నాడు. విమానం బుద్ధిగా నేల మీద వాలింది.

రెండోసారి ఎగరేసే ముందు కేదార్ ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఎగరెయ్యనా?"

అరుణాదేవి నాలుగు వైపులా చూసింది. తుమ్మపొదల వెనక నుంచి గేదెలు, వాటి వెనక కర్రతో ఒక ముసలాయన మైదానంలోకి వస్తున్నారు.

"ఆగరా."

ఎందుకని అడగలేదు. చటుక్కున మోటారు ఆపి, విమానాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి గేదె దాటిపోయాక కూడా ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఆవిడ సరే అనేదాకా.

అరుణాదేవికి కళ్లు చెమర్చాయి. సరేనన్నట్టు తల ఊపి, "వచ్చే ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, మీరు వెళ్లి రండి" అంది.